చిలిపి పాటలు – నల్ల పళ్ళాలు



మనలి పేరు చెప్పగానే చెన్నపట్నం వాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేవి చమురు శుద్ధి కర్మాగారం గోపురాలు. సంగీత చరిత్ర తెలిసినవారికి ఇంకొకటి కూడా గుర్తుకు వస్తుంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో మనలి జమీందార్లైన మొదలియార్లు రామస్వామి దీక్షితులను పిలిపించి ఇక్కడ ఉంచుకున్నారు. ఆయన కుమారుడు ముద్దుస్వామి దీక్షితుల చిన్నతనం కొంత ఈ ఊళ్ళో గడిచింది. మనకు పొరుగునే తిరువొత్తియూరు. అక్కడి త్రిపురసుందరి మీద త్యాగరాజస్వామి కీర్తనలు రచించారు. ఇంత పెద్ద సంగీతం నడిచిన నేల మీద ఉండి నేనీవేళ చెప్పబోయేది చాలా చిన్న సంగీతం గురించి. పిల్లలు గెంతులు వేసే పాటలు, పెద్దలు మొహం చిట్లించుకునే పాటలు, అవి ఎక్కి కూర్చున్న నల్లటి గ్రామఫోను పళ్ళాలు – ఇదీ ఈ ప్రసంగానికి విషయం.

ఈ సంగతి మీద నా దృష్టి పడటానికి ఒక వరద కారణం. 2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుఫాను వానలకు ఉత్తర చెన్నైలో చాలా ఇళ్ళు నీట మునిగాయి. నీళ్ళు తీసిన తరువాత మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటికి సాయానికి వెళ్ళాను. మంచం కింద రేకుపెట్టె నిండా గ్రామఫోను రికార్డులున్నాయి. అట్టలన్నీ నానిపోయి గుజ్జయిపోయాయి. ఆవిడ పెట్టెలోకి చూసి, “టీచరమ్మా, ఆ ఘంటసాల భగవద్గీత ప్లేటు ఒక్కటీ పైకి తియ్యి, తుడిచి దేవుడి గూట్లో పెడతాను. మిగతావన్నీ ఉత్త డ్యాన్సు పాటలు. పాత సామాన్లబ్బాయి వస్తే వేసేద్దాం” అంది.

ఆ మాట అన్నది ఆవిడ ఒక్కతే కాదు. మన ఇళ్ళలో జరిగిన విభజనే అది. గీత దేవుడి గూటికి, శాస్త్రీయ సంగీతం బీరువాకు, చిలిపి పాట పాత సామాన్లకు. ఈ విభజన న్యాయమైనదేనా? ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొంచెం దూరం వెళ్ళి రావాలి.

అమెరికాలో 1960ల చివర ఒక రకం పాటలు పుట్టాయి. వాటికి బబుల్‌గమ్ పాప్ అని పేరు. నోట్లో వేసుకుని నమిలి, బుడగ ఊది, తీపి పోగానే ఉమ్మేసే బబుల్‌గమ్ ఎలాంటిదో ఈ పాట అలాంటిదని ఆ పేరులోని ఎగతాళి. పదేళ్ళూ పన్నెండేళ్ళ పిల్లలను మనసులో పెట్టుకుని తయారుచేసిన పాటలివి. జెరీ కసెనెట్జ్, జెఫ్ కాట్జ్ అనే ఇద్దరు నిర్మాతలు, న్యూయార్కులోని బుద్ధా రికార్డ్స్ అనే కంపెనీ దీనికి పెట్టింది పేరు. 1968లో ‘1910 ఫ్రూట్‌గమ్ కంపెనీ’ అనే బృందం పేరుతో వచ్చిన ‘సైమన్ సేస్’ పాట పిల్లల ఆట ఒకదానిని పాటగా మార్చింది. అదే ఏడాది ‘ఒహాయో ఎక్స్‌ప్రెస్’ పేరుతో వచ్చిన ఒక పాట తిండి రుచినే ప్రేమకు పోలికగా తెచ్చింది. ఆ పాట పాడినది జోయి లెవీన్ అనే గాయకుడు. ఊరూరా తిరిగి వేదికల మీద కనిపించిన కుర్రవాళ్ళు వేరు.

వీటన్నిటికీ తలమానికం 1969లో వచ్చిన ‘షుగర్ షుగర్’. పాడినవారి పేరు రికార్డు మీద ‘ఆర్చీస్’ అని ఉంటుంది. ఆ ఆర్చీస్ మనుషులు కారు, బొమ్మల కథల పుస్తకంలోని పాత్రలు. టెలివిజన్‌లో ఆ బొమ్మలు గిటార్లు వాయిస్తుంటే, తెర వెనుక స్టూడియోలో రాన్ డాంటె, టోనీ వైన్ మొదలైనవారు పాడారు. పాట కట్టినవారు జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ఆ సంవత్సరానికి మొదటి స్థానం ఇచ్చింది ఈ పాటకే. ఆర్చీస్ పాటలు కొన్నింటిని అట్టరికార్డులుగా చేసి, పిల్లలు పొద్దున పాలలో వేసుకుని తినే అటుకుల డబ్బాల వెనుకే ముద్రించారు కూడా. డబ్బా ఖాళీ అయ్యాక కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ప్లేయరు మీద పెడితే పాట వినిపించేది.

ఈ పాటల మీద అక్కడి విమర్శకులు మోపిన పెద్ద నేరం ఏమిటంటే, ఇవి నకిలీవని. కనపడేవాడు ఒకడు, పాడేవాడు ఒకడు, సరుకు తయారుచేసినట్టు పాట తయారుచేశారని. శ్రోతలారా, ఈ ఆరోపణ విని మనం నవ్వుకోవచ్చు. తెర మీద ఒకరు పెదవులు కదపడం, తెర వెనుక మరొకరు పాడటం మనకు ఎన్నో ఏళ్ళుగా అలవాటైన సంగతి. ఘంటసాల గొంతు రామారావుగారిది కాదని తెలిసి మనమెవరమూ మోసపోయామనుకోలేదు. పాట ఎవరి పెదవుల మీద కనిపించిందన్నది కాదు మనకు ముఖ్యం, మన పెదవుల మీదికి వచ్చిందా లేదా అన్నదే. ఆ కొలతతో కొలిస్తే బబుల్‌గమ్ పాట నకిలీ కాదు.

ఇక దాని నిర్మాణం చూడండి. పాట మూడు నిమిషాలలోపే ముగుస్తుంది. పల్లవి త్వరగా వచ్చేస్తుంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. అర్థం లేని అక్షరాలు కొన్ని ఉంటాయి. చప్పట్లు ఉంటాయి. ఒకసారి విన్న పిల్లవాడు రెండోసారికి కలిసి పాడేయగలడు. ఇవన్నీ మన ఒప్పులకుప్పలో, చెమ్మచెక్కలో లేవా? ఒప్పులకుప్ప తిరిగే పిల్లకు అర్థం కాదు కావలసింది, తిరగడానికి తోడు వచ్చే లయ. పిల్లల ఆటపాటకూ ఈ పాప్ పాటకూ బంధుత్వం ఉంది. తేడా ఏమిటంటే, ఆటపాట గాలిలో బతికింది, ఇది పళ్ళెం మీద బతికింది.

ఆ పళ్ళెం కథ ఇప్పుడు చెప్పుకుందాం. అందులో మన దేశానికి పెద్ద పాలు ఉంది.

మొదటి రోజుల్లో గ్రామఫోను పళ్ళాలు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వాటిని లక్కతో చేసేవారు. ఏటికొప్పాక బొమ్మల మీద నిగనిగలాడే లక్కే ఇది. చెట్టు కొమ్మల మీద ఒక చిన్న పురుగు కారే జిగురు. ఆ లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చు కొడితే 78 పళ్ళెం తయారు. ప్రపంచానికి ఆ లక్కలో అధికభాగం మన దేశపు అడవులనుంచే వెళ్ళేది. కలకత్తాలో 1908 నుంచి రికార్డుల కర్మాగారం నడిచింది, తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. లక్క పళ్ళెం గట్టిదే కాని పెళుసుది. చెయ్యి జారితే రెండు ముక్కలు. పది అంగుళాల పళ్ళెంలో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. పాట అంటే మూడు నిమిషాలు అన్న అలవాటు ప్రపంచమంతటికీ ఈ పళ్ళెం నేర్పినదే. పాట అంతకంటే పొడవైతే సగం ఒక వైపు, సగం రెండో వైపు. మధ్యలో లేచి పళ్ళెం తిరగేయాలి.

ఆ మూడు నిమిషాల లోపలే మన తెలుగువాళ్ళు ఎంత పని చేశారో చూడండి. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. సినిమా అండ లేకుండా, కేవలం గ్రామఫోను పళ్ళెం బలం మీద నిలిచిన పాటలవి. మద్రాసులో ఎ.వి. మెయ్యప్పన్ సినిమాలు తీయడానికి ముందు సరస్వతీ స్టోర్సు పెట్టి రికార్డుల వ్యాపారం చేసినవారే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న ఆ దశాబ్దాలలో పాట పుట్టినదీ, రికార్డయినదీ ఎక్కువగా ఈ నగరంలోనే.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి ముప్పైమూడూ ఒకటిలో మూడోవంతు చుట్లు తిరిగే లాంగ్‌ప్లే రికార్డు తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ 45 చుట్ల చిన్న పళ్ళెం తెచ్చింది. లక్క స్థానంలో వినైల్ అనే ప్లాస్టిక్ వచ్చింది. వినైల్ వంగుతుంది గాని తేలికగా పగలదు, లక్కకుండే గరగర చాలావరకు ఉండదు. మన దేశంలో మాత్రం 78 పళ్ళాలు ఇంకా చాలాకాలం నడిచాయి. 1960లలో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78 పళ్ళాలుగా అచ్చయ్యాయి. తరువాత మన సినిమా పాటలు ఏడు అంగుళాల ఇ.పి. రికార్డుల మీదికి వచ్చాయి. రెండు వైపులా కలిపి నాలుగు పాటలు, పైన రంగుల అట్ట, అట్ట మీద కథానాయిక.

మా బడిలో ఏడో తరగతి పిల్లలను నేనొక పొడుపుకథ అడుగుతుంటాను. “రికార్డుకు ఒక వైపు ఎన్ని గీతలుంటాయి?” వందంటారు, వెయ్యంటారు. జవాబు – ఒక్కటే. బయటి అంచు దగ్గర మొదలై, చుట్లు చుట్లుగా తిరుగుతూ మధ్యకు చేరే ఒకే ఒక గాడి అది. 45 చుట్ల పళ్ళెం మీద మూడు నిమిషాల పాట అంటే 135 చుట్లు. చుట్టు సగటు వ్యాసం 14 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 44 సెంటీమీటర్లు. గుణిస్తే 5,940 సెంటీమీటర్లు. అంటే ఒక చిలిపి పాట వినడమంటే ముల్లు సుమారు అరవై మీటర్ల దారి నడవడం. లాంగ్‌ప్లే రికార్డులో ఒక వైపు దాదాపు అర కిలోమీటరు ఉంటుంది.

ఆ గాడి తిన్నగా ఉండదు. పాడేటప్పుడు గాలి ఎలా కంపించిందో అదే వంపులో గాడి గోడలు వంకరలు తిరుగుతాయి. ముల్లు ఆ వంకరల వెంట కదులుతుంది. ఆ కదలికను ప్లేయరు విద్యుత్తుగా మార్చి, పెంచి, స్పీకరుకు ఇస్తుంది. విద్యుత్తు లేకపోయినా పాట వినవచ్చు. కాగితం శంఖంలా చుట్టి, కొసన గుండుసూది గుచ్చి, తిరిగే పళ్ళెం మీద ఆనిస్తే చాలు. సన్నగా పాట వస్తుంది. పిల్లలకు చూపించడానికి పగిలిందో గీతలు పడిందో అయిన రికార్డునే వాడాలి, మంచి రికార్డు మీద ఈ ప్రయోగం చేస్తే గాడి పాడవుతుంది. కాగితంలోంచి మనిషి గొంతు వచ్చినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. చేతిలో రోజూ సెల్‌ఫోను ఉన్న పిల్లలే వాళ్ళు. కాని ఫోనులో పాట ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. ఇక్కడ పాట ఎక్కడుందో వేలితో చూపించవచ్చు.

చిన్న పాటకూ చిన్న పళ్ళానికీ ఇంత బాగా కుదరడానికి కూడా కారణముంది. పాట పొట్టిదైతే గాడి చుట్లు ఎడంగా వేయవచ్చు. ఎడం ఉంటే వంకరలు పెద్దవిగా చెక్కవచ్చు. అందుకే ఒకే పాట ఉన్న 45 పళ్ళెం గట్టిగా, నిండుగా మోగుతుంది. అదే పళ్ళెంలో ఎక్కువ పాటలు ఇరికిస్తే గొంతు కొంత తగ్గుతుంది. బబుల్‌గమ్ పాటలు కట్టినవారికి ఇది తెలుసు. చిన్న ట్రాన్సిస్టరులో, చౌక ప్లేయరులో కూడా డ్రమ్ము, చప్పట్లు, పల్లవి ముందుకొచ్చి వినబడేటట్టు వాళ్ళు ధ్వనిని కూర్చారు. మన హెచ్.ఎం.వి. ఫియెస్టా ప్లేయరులో సినిమా పాట ఎందుకంత ఉషారుగా వినిపించేదో ఇప్పుడు అర్థమవుతుంది.

మనలి పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇంకొకటుంది. వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్ కుటుంబానికి చెందిన ప్లాస్టిక్. ముడిచమురు శుద్ధిచేసినప్పుడు నాఫ్తా వస్తుంది, నాఫ్తా నుంచి ఇథిలీన్ తీయవచ్చు. ఉప్పు నుంచి క్లోరిన్ వస్తుంది. ఈ రెండూ కలిస్తే వినైల్‌కు మూలం. అంటే పళ్ళెం పుట్టుక ఒక పక్క చమురు, మరో పక్క ఉప్పు. రికార్డులు మన ఊళ్ళో అచ్చు కాలేదు. కాని మన కిటికీలోంచి కనిపించే గోపురాలు ఏ వస్తువును వేరుచేస్తున్నాయో, ఆ వంశంలోని బిడ్డే ఆ నల్ల పళ్ళెం. మద్రాస్ రిఫైనరీస్ ఇక్కడ పని మొదలుపెట్టినదీ, అమెరికాలో ‘షుగర్ షుగర్’ మోగినదీ ఒకే సంవత్సరం, 1969. అదే సంవత్సరం మౌంట్ రోడ్డులో సఫైర్ థియేటరు భవనంలోని నైన్ జెమ్స్ అనే క్లబ్బులో ఉషా ఉతుప్ చీర కట్టుకుని ఇంగ్లీషు పాప్ పాటలు పాడటం మొదలుపెట్టారు. ఆ క్లబ్బూ ఆ థియేటరూ ఇప్పుడు లేవు.

తెలుగు సినిమాలో ఆ ఊపును గొంతులో పట్టుకున్న గాయని ఎల్.ఆర్. ఈశ్వరి. మద్రాసులో పుట్టి, కోరస్‌లో పాడటంతో మొదలై, తమిళం, తెలుగు రెండింటిలో తన ముద్ర వేశారు. 1972లో ‘అమ్మమాట’, 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ చిత్రాలలో రమేశ్ నాయుడు స్వరానికి ఆమె పాడిన పాటలు వినని తెలుగువారు ఆ రోజుల్లో లేరు. 1978లో ‘మరోచరిత్ర’లో బాలసుబ్రహ్మణ్యంతో కలిసి ఆమె పాడిన పాట సగం ఇంగ్లీషు, సగం తెలుగు, పూర్తిగా అల్లరి. ఈ పాటలనే పెద్దలు క్లబ్బు పాటలన్నారు, చవకబారు పాటలన్నారు.

కాని చవకబారు పాట కట్టినవాడు చవకబారు సంగీతజ్ఞుడని అనుకోవడానికి వీల్లేదు. ఆ చిలిపి పాటలు కట్టిన రమేశ్ నాయుడే ‘మేఘసందేశం’ చిత్రానికి 1982 సంవత్సరపు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆడి మాసం వచ్చిందంటే ఉత్తర చెన్నైలో వీధి వీధినా అమ్మవారి గుడి మైకులో మోగే గొంతు కూడా ఈశ్వరిదే. గెంతించే లయ ఏదో, పూనకం తెప్పించే లయ ఏదో, రెండింటికీ మధ్య గీత గీయడం అంత సులభం కాదు.

ఇక ఈ పాటలు ఎలా చేరాయి అంటారా? 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు పక్కన పెట్టేసింది. అప్పుడు జనం రేడియో సిలోను వైపు తిరిగారు. తెలుగు పాటల కార్యక్రమం నడిపిన మీనాక్షీ పొన్నుదురై గొంతు ఎంతోమందికి ఇంటి మనిషి గొంతు అయింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాక సినిమా పాట మళ్ళీ మన రేడియోకు వచ్చింది. పెళ్ళిపందిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు రికార్డుల పెట్టె మోసుకొచ్చేవారు. జాతరల్లో రికార్డు పెట్టి దానికి ఆడితే అది రికార్డు డ్యాన్సు అయింది. పళ్ళెం పోయినా ఆ పేరు మాత్రం మిగిలింది. 1980లలో క్యాసెట్టు వచ్చింది. చవక, చిన్నది, ఇంట్లోనే పాట నింపుకోవచ్చు. పళ్ళాలు మంచం కిందికి వెళ్ళాయి.

ఇప్పుడు గాలి కొంత తిరిగింది. అమెరికాలో 2022లో అమ్ముడుపోయిన వినైల్ రికార్డుల సంఖ్య సి.డి.ల సంఖ్యను దాటింది. 1987 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. సుమారు 4 కోట్ల 10 లక్షల రికార్డులు, 3 కోట్ల 30 లక్షల సి.డి.లు. ధ్వని శుద్ధి కోసమే ఇలా జరిగిందంటే నేను ఒప్పుకోను. కొలతలు తీస్తే సి.డి.లో చప్పుడు తక్కువ, స్పష్టత ఎక్కువ. పళ్ళెంలో దుమ్ము చిటపటలాడుతుంది, లోపలి చుట్లకు చేరేసరికి ధ్వని కొంత నలుగుతుంది. ఆకర్షణ మరోచోట ఉంది. పళ్ళెం పాటకు శరీరం ఇస్తుంది. దానిని అట్టలోంచి తీయాలి, అంచులు పట్టుకోవాలి, ముల్లు దించాలి, మూడు నిమిషాలు కూర్చోవాలి. పాట అయిపోతే లేవాలి. వినడం ఒక పని అవుతుంది. ఒకరు ముల్లు దించితే గదిలో ఉన్న అందరూ వినాలి. చెవిలో బుడిపె పెట్టుకుని ఎవరికి వారు వినే పాట కాదది.

మళ్ళీ ఆ రేకుపెట్టె దగ్గరకు వద్దాం. పెద్దావిడను బతిమాలి, “పెద్దమ్మా, రెండు వారాలు నాకివ్వండి, తరువాత మీ ఇష్టం” అని పెట్టె బడికి పట్టుకెళ్ళాను. వినైల్‌కు ఒక గుణముంది, నీళ్ళు దానినేమీ చేయవు. బురద మాత్రం గాడిలో ఎండితే ముల్లు నడవలేదు. ముందు ధారగా నీళ్ళు పోసి బురద జార్చాం. తరువాత డిస్టిల్డ్ నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో, గాడి తిరిగిన దిక్కునే తుడిచాం. నిలువుగా నిలబెట్టి నీడన ఆరబెట్టాం. ఎండలో పెడితే వంగిపోతాయి.

మూడు పళ్ళాలకు మధ్యలోని కాగితం మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. అవి ఏ సినిమా పాటలో తెలియలేదు. ఒక పిల్లవాడు పళ్ళాన్ని వెలుతురుకు అడ్డంగా వంచి చూసి, “టీచర్, ఇక్కడేదో గీకి ఉంది” అన్నాడు. నిజమే. పాట ముగిసిన తరువాత, కాగితానికి ముందుండే నున్నటి జాగాలో సన్నటి అంకెలున్నాయి. అచ్చుకు గుర్తుగా కర్మాగారంలో వేసే సంఖ్య అది. పళ్ళెం తయారీలో మొదట మెత్తటి పూతపళ్ళెం మీద గాడి చెక్కుతారు. దానికి వెండి పూత పూసి, నికెల్ పోతతో లోహపు అచ్చు తీస్తారు. ఆ అచ్చుతో వేడి వినైల్ ముద్దను నొక్కుతారు. గాడితో పాటు సంఖ్య కూడా పడుతుంది. అట్ట పోవచ్చు, కాగితం పోవచ్చు, ఆ సంఖ్య పోదు. పిల్లలు పుస్తకాల్లో అంకెలు రాసుకున్నారు.

పేర్లు మాత్రం అంకెల వల్ల తెలియలేదు, మరో దారిన తెలిశాయి. పెద్దావిడను పిలిచి, మా ఇంట్లోని ప్లేయరు మీద మొదటి పళ్ళెం వేశాను. ఇంకా గొంతు మొదలు కాలేదు, వాయిద్యం రెండు చుట్లు తిరిగిందో లేదో, “ఈశ్వరి!” అంది. పాట పేరు చెప్పింది, సినిమా పేరు చెప్పింది. “మీ పెదనాన్న ఫ్యాక్టరీలో బోనసు వస్తే కొన్న మొదటి ప్లేటు ఇది. ఇది వేస్తే మా అత్తగారు విసురుగా వెళ్ళి తలుపేసుకునేది. తలుపు కింద సందులోంచి చూస్తే కాలితో తాళం వేస్తుండేది” అని నవ్వింది. నలుగురు పిల్లలు ఆవిడ చుట్టూ కూర్చుని ఆ కథంతా విన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తెలుగు చదవని పిల్లలు వాళ్ళు. ఆ మధ్యాహ్నం పాటలోని మాటలకు అర్థాలడిగారు, ఒకరిద్దరు అక్షరాలు కూడా అడిగి రాయించుకున్నారు.

భగవద్గీత రికార్డు ఏ ఇంట్లోనిదైనా ఒకటే. అది పోతే మరొకటి దొరుకుతుంది, ఆ మహాకార్యాన్ని కాపాడటానికి లోకముంది. ఈ చిలిపి పాటకు ఎవరూ లేరు. కాని నెల్లూరు జిల్లా నుంచి మనలికి బతకడానికి వచ్చిన ఒక ఇంటి బోనసు, ఒక కోడలి పంతం, ఒక అత్తగారి కాలి తాళం నిలిచి ఉన్నది ఆ నలభై గ్రాముల పళ్ళెంలోనే. పారేయడానికే తయారుచేశారని అందరూ అనుకున్న పాట, పారేయలేని సంగతులను మోసుకుని తిరుగుతోంది. పెద్ద సంగీతం మనల్ని పైకి తీసుకువెళుతుంది. చిన్న పాట మనల్ని మన ఇంటికి తీసుకువస్తుంది. రెండూ కావాలి.

అందుచేత శ్రోతలకు నాదొక మనవి. మీ మంచం కిందో, అటక మీదో రికార్డులుంటే పాత సామాన్లకు వేయకండి. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలని చోట, నేలకు ఎత్తుగా ఉంచండి, వరద ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు. పాత 78 లక్క పళ్ళాలను స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. అరిగిన ముల్లుతో ఏ రికార్డునూ వేయకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పాట తెలిసినవారు ఇంట్లో ఉండగానే ఒకసారి వేయండి. పళ్ళెం మీద ఉన్నది మూడు నిమిషాల పాట మాత్రమే. మిగిలిన కథ వారి దగ్గర ఉంది.

మా పెద్దావిడ పెట్టె తిరిగి తీసుకువెళ్ళింది. పాత సామాన్లబ్బాయి మా వీధికి ఇప్పటికీ వస్తాడు. మొన్న సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళాను. దేవుడి గూట్లో గీత పక్కన ఈశ్వరి లేదు, అంతవరకు ఆవిడ ఒప్పుకోలేదు. కాని ఆ గూటి కింది అరలో, కొత్త బట్టసంచిలో, నిలువుగా నిలబెట్టి ఉంది.